ఖాళీ ఇంట్లో ఒకరు

నీటి సరఫరా ఆఫీసులో ఆ రాత్రి ప్రోగ్రామర్ ఒక్కతే ఉంది. తెల్లారితే కూల్చబోయే ఒక ఇంటి రికార్డులో నివాసుల సంఖ్యను సున్నా చేస్తోంది. రికార్డంతా తిరగరాయకుండా ఆ ఒక్క అంకెనే సర్వర్‌కు పంపుతోంది. అయినా ప్రతిసారీ తెరపై అదే జవాబు: "ఈలోగా మరొకరు మార్చారు." సున్నా మళ్లీ ఒకటవుతోంది.

ఆమెకు ఒళ్లు మండింది. రాత్రి డ్యూటీలో పైపులు బాగుచేస్తున్న భర్తకు ఫోన్ చేసింది.

"ఈ సర్వర్ అచ్చం మీలాగే! ఇప్పుడు చెప్పింది ఇప్పుడే మర్చిపోతుంది, ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పుకు చావాలి. మీరు అటే ఉన్నారుగా, తెల్లారితే కూల్చే ఆ ఇంట్లో ఎవరున్నారో కాస్త చూడండి."

"గుమ్మంలోంచి చూస్తున్నా, ఎవరూ లేరే! లోపల పంపు కారుతున్నట్టుంది. కట్టేసి వస్తానుండు."

అతని అడుగుల చప్పుడు, నీళ్ల చప్పుడు వినిపించాయి. రెండూ ఒకేసారి ఆగిపోయాయి.

"ఏమండీ?"

ఆమె ఏ మీటా నొక్కలేదు. తెరపై ఒకటి రెండయింది.