వంతెన మీద ఆగిన కారు

పగలంతా కోట చుట్టూ తిరిగి, పొద్దుగూకాక దిగుతుంటే టీచరమ్మ కాలు మడతపడింది. మొగుడు ఆమెను కూలిన బురుజు దగ్గర కూర్చోబెట్టాడు.

"ఇక్కడే ఉండు. కారు పైకి తెస్తాను," అని చీకట్లో దిగిపోయాడు.

కాసేపటికి దూరంగా కింద, ఏటి ఒడ్డున కారు లైట్లు వెలిగాయి. ఫోన్ మోగింది.

"బయల్దేరానే. ఈలోగా కోట పీకి పందిరేయకు."

"వేళాకోళాలాపి త్వరగా రా బావా. భయంగా ఉంది."

లైట్లు వంతెన మీదికి వచ్చి, సగంలో ఆగిపోయాయి.

"ఓసి నీ మొండితనం! ఆ కాలేసుకుని ఇంతదూరం ఎలా దిగొచ్చావే?"

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"నీతోనే. కారుకు అడ్డంగా నిలబడ్డావుగా."

"బావా, నేను పైనే ఉన్నాను. తలుపు తీయకు!"

అతను పకపకా నవ్వాడు. "ఫోన్ చెవిన పెట్టుకుని, నా ఎదురుగా నిలబడి ఏం నాటకాలే! అయినా ఇలా తడిసిపోయావేంటి? ఎక్కు, ఎక్కు."

"నీకు దణ్ణం పెడతాను, ఒక్కసారి పైకి చూడు!"

నొప్పి కూడా మరిచి లేచింది. ఫోన్ టార్చి వెలిగించి పిచ్చిదానిలా ఊపింది. కారు తలుపు ధభీమని మూసుకున్న చప్పుడు ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత ఏటి హోరు తప్ప ఏమీ లేదు.

"ఏమే," అన్నాడతను. ఇప్పుడతని గొంతులో నవ్వు లేదు. "కోట మీద ఎవరో లైటు ఊపుతున్నారు."

ఫోన్‌లో టీచరమ్మ గొంతే మెల్లగా బదులిచ్చింది.

"ఎవరైతే మనకెందుకు బావా? బండి వెనక్కి తిప్పు."