ఒక అక్షరం తక్కువ

అర్జీ పెట్టింది పిల్లల ఉయ్యాలల కోసం. వచ్చినవి పశువులు నీళ్ళు తాగే సిమెంటు తొట్లు.

అవీ పది. హచ్చొళ్ళి కాలువ గట్టున వాటిని వరసగా దించి, ట్రాక్టరు డ్రైవరు చేతిలోని కాగితం చదివి వినిపించాడు. తప్పు తనది కాదన్నాడు. ఆ ఊళ్ళో సర్కారుకు రాసేది కన్నడంలో; ఆ భాషలో ‘తొట్టిలు’ అంటే ఉయ్యాల. చివరి ‘లు’ పోతే మిగిలేది గొడ్ల తొట్టి. అర్జీలో ఆ ‘లు’ లేదు.

నాట్లు వేస్తున్న ఆడవాళ్ళంతా అర్జీ రాసిన హంపమ్మ వైపు తిరిగారు.

హంపమ్మ ఆ ఊరిది కాదు. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, నాట్ల పనికి ఎక్కడినుంచో ఒంటరిగా వచ్చింది. ఆమె నాటిన వరస వంకర పోయేది. మాట మాత్రం తిన్నగా ఉండేది.

నాట్లు మొదలైన రోజున, కూలి గుంపుకు పెద్దయిన బసవమ్మ కొడుకు, పది నెలల వాడు, గట్టుమీద పాకుతూ కాలువ అంచుదాకా పోయాడు. కాలు పట్టి వెనక్కి లాగింది హంపమ్మే. పొలం యజమాని సీతారామారావు భయపడిపోయి, పిల్లల్ని తెచ్చేవాళ్ళు రేపటినుంచి పనికి రావద్దన్నాడు.

ఇంటిల్లిపాదీ మడిలో ఉంటే పిల్లల్ని చూసేదెవరు? పని మానితే పొయ్యి వెలగదు. మానకపోతే కాలువ ఊరుకోదు.

“గవర్నమెంటునే అడుగుదాం” అంది హంపమ్మ. అర్జీ రాసి అందరిచేతా వేలిముద్రలు వేయించింది. జవాబు వచ్చేదాకా ఆగమని సీతారామారావును ఒప్పించింది.

ఇరవై రోజుల్లో ఈ తొట్లు వచ్చిపడ్డాయి. ప్రభుత్వం అంత పరుగు పెట్టడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

“రెండక్షరాలు గీకను వస్తే పంతులమ్మవనుకుంటివా?” అంది బసవమ్మ. “మా బిడ్డల్ని గొడ్లను చేస్తివి కదే.”

హంపమ్మ ఒక తొట్టిని శుభ్రంగా కడిగింది. అడుగున గడ్డి పరిచి, తన రెండో చీర మడిచి వేసింది. బసవమ్మ చంకలోని పిల్లాణ్ణి తీసుకుని అందులో కూర్చోబెట్టింది.

వాడు అంచు పట్టుకుని లేవబోయాడు. చతికిలబడ్డాడు. నవ్వాడు.

తొట్టి దాటి రావడం వాడి తరం కాలేదు.

మధ్యాహ్నానికి పది తొట్లూ నిండాయి. పైన కర్రలు పాతి, ఎండ తగలకుండా పాత చీరలు కట్టారు.

సంగతి తెలిసి సీతారామారావు పరుగున వచ్చాడు. “అవి గొడ్ల కోసం ఇచ్చినవమ్మా. ఆఫీసువాళ్ళు చూస్తే నా పీకల మీదికొస్తుంది.”

“మీ ఎద్దులకు కొట్టం ఉండాది సామీ” అంది హంపమ్మ. “మేపను మనిషి ఉండాడు. వీళ్ళకు ఏముండాది? తీసేయాలంటే మీ చేత్తో మీరే తీసేయండి.”

ఆయన ఒక తొట్టిదాకా వెళ్ళాడు. లోపల నిద్రపోతున్న పసిపిల్లను చూసి వెనక్కి వచ్చేశాడు.

నాలుగో రోజున, తొట్లు సక్రమంగా వాడుతున్నారో లేదో చూడడానికి జీపులో ఆఫీసరు దిగాడు. అదే వేళకు సీతారామారావు ఎద్దు ఒకటి నీళ్ళకని తొట్టిలో మూతి పెట్టి, పిల్లాణ్ణి వాసన చూసి, మర్యాదగా తప్పుకుంది. ఆఫీసరుకు ఆపాటి మర్యాద చేతకాలేదు. పశువులకిచ్చిన వస్తువును పాడు చేసినందుకు అందరిమీదా కేసు పెడతానన్నాడు.

హంపమ్మ మడిలోంచి బురదచేతులతో గట్టెక్కింది.

“రాసుకోండి సార్. ఏ తొట్టిలో ఏ కూసు ఉండాదో, బిడ్డ పేరు తల్లి పేరుతో సహా రాసుకోండి. ఇవి పశువులు కాదని మీరే రాయండి.”

ఆఫీసరు పెన్ను తీశాడు. మొదటి తొట్టి దగ్గర ఒక పేరు రాశాడు. రెండోదాని దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పెన్ను మూసి జీపెక్కాడు.

కేసు అన్నమాటకే కూలివాళ్ళు బెదిరిపోయారు. ఆ సాయంత్రం బసవమ్మ హంపమ్మకు చేతులు జోడించింది.

“సాకు తల్లీ, ఇంక చాలు. నీ రాతా వద్దు, నీ నోరూ వద్దు. నీ దోవన నువ్వు పో.”

మర్నాడు పొద్దున హంపమ్మ తెక్కలకోట బస్సెక్కి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. ఆమె రెండో చీర తొట్టిలోనే ఉండిపోయింది.

కేసు రాలేదు. దీపావళి దాటాక గట్టుకు దూరంగా రేకుల షెడ్డు లేచింది. పది ఉయ్యాలలు, పాలపొడి డబ్బాలు, పిల్లల్ని చూసుకోవడానికి సర్కారు జీతంమీద ఒక ఆయా.

షెడ్డు తెరిచిన రోజున అదే ఆఫీసరు వచ్చాడు. పిల్లల్ని చూడకముందే హంపమ్మ ఎక్కడని అడిగాడు.

“మేమే పొమ్మంటిమి సార్” అంది బసవమ్మ తలవంచుకుని. “మంచి మనిషే. చదువే సరింగా రాదు పాపం, ఒక అక్షరం మింగేసింది.”

ఆఫీసరు చంకలోని ఫైలు విప్పాడు. ఈ షెడ్డు మంజూరు చేయించేటప్పుడు ఆఫీసులో పాత కాగితాలన్నీ వెతికించానన్నాడు. హచ్చొళ్ళి అర్జీ కింద మరో మూడు అర్జీలున్నాయి. మూడూ వేరువేరు ఊళ్ళవి, ఏడాదికొకటి. అన్నీ అదే గుండ్రటి రాత. ప్రతిదాని మీదా ఎర్రసిరాతో ‘అవకాశం లేదు’ అని ఉంది.

చదువురాని బసవమ్మ కోసం ఆయన వేలు పెట్టి చూపిస్తూ చదివాడు: మూడింటిలోనూ ‘తొట్టిలు’ అన్న మాట చివరి ‘లు’తో సహా ముత్యంలా ఉంది, కింద సంతకం ‘హంపమ్మ, బాలవాడి పంతులమ్మ’ అని ఉంది.