పిట్ట మార్కు మాస్కులు

"పిల్లల మాస్కులు, పూసలు కుట్టినవి, ఎన్నుంటే అన్ని ఇవ్వండమ్మా."

బేరమాడకుండా అడిగిన ఆ మనిషిని టైలరమ్మ తలెత్తి చూసింది. ముఖంలో కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. మిగతాదంతా తెల్లటి మాస్కు.

ఆమె సరుకు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన ఒక్కో మాస్కునీ తిరగేసి లోపలి లేబుల్ చూశాడు. దాని మీద ఎర్రదారంతో కుట్టిన చిన్న పిట్ట. ఆ పిట్టను వేలితో తడిమి చూశాడు.

టైలరమ్మ గుండె జారిపోయింది.

ఎందుకు జారదు? బళ్ళు మళ్ళీ తెరిచారు. మాస్కు లేనిదే పిల్లల్ని లోపలికి రానివ్వరు. ఉత్త గుడ్డ కడితే పిల్లలు పీకి పారేస్తారు. అందుకని బుగ్గ మీద పూసలతో పువ్వు కుట్టింది. పూసకో ముడి వేస్తూ కూర్చుంటే పూటకొక్కటి కూడా తెమలదు. పువ్వంతటికీ ఒకటే దారం, చివర ఒకటే ముడి. జనం ఎగబడి కొన్నారు. ఆమెను చూసి మిగతా కొట్లవాళ్ళూ పూసలకి ఎగబడ్డారు.

మన సరుకని తెలియడానికి ఓ గుర్తుండాలని మరిది పోరుపెట్టాడు. సరేనని లేబుల్ మీదికి పిట్టనెక్కించింది. ఎక్కడిదా పిట్ట? ఓ పెద్ద కంపెనీ చొక్కాల మీదిది. వాళ్ళ పిట్ట కుడివైపు చూస్తుంది, వీళ్ళది ఎడమవైపు చూస్తుంది. మెడ తిప్పితే వేరే పిట్ట అయిపోతుందని వదినా మరుదులిద్దరూ హాయిగా నమ్మేశారు.

"కంపెనీ మనిషే వదినా," అన్నాడు మరిది, ఆయన సరుకంతా కొనుక్కుపోయాక. "సాక్ష్యానికి కొంటున్నాడు."

"సాక్ష్యానికి ఒకటి చాలదూ? అన్నీ ఎందుకు?"

"ఎన్నుంటే అంత గట్టి కేసు. మిషన్లు కూడా పట్టుకుపోతారట."

మొగుడు పోయాక ఆ రెండు మిషన్లే ఆమెకీ, బిడ్డకీ కూడు పెడుతున్నాయి.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఇక వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, మిషను తొక్కే కాలు ఆగిపోయేది.

"ఇన్ని ఎవరికండీ?" ఓ రోజు ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

"పిల్లలకి."

"ఎంతమందండీ?"

ఆయన బల్ల కింద గుడ్డముక్కలతో ఆడుకుంటున్న ఆమె కూతురి వైపు చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు.

ఆ చూపు చూసి టైలరమ్మ కూతుర్ని గబుక్కున దగ్గరికి లాక్కుంది. ఆయన వెళ్ళగానే కత్తెర తీసుకుని, కొట్లో ఉన్న మాస్కులన్నిటికీ లేబుళ్ళు కత్తిరించేసింది.

మర్నాడు మాస్కు తిరగేసిన ఆయన చెయ్యి ఆగింది.

"పిట్ట ఏదమ్మా?"

"లేబుళ్ళు అయిపోయాయి."

"అది లేకపోతే మీరు కుట్టినవని ఎలా తెలుస్తుంది?"

వెనక నుంచి మరిది లేచాడు. "తెలిసి ఏం చేస్తావ్? ఆడమనిషి పొట్ట మీద కొట్టి ఏం బావుకుంటావ్? ఇంకోసారి ఈ గడప తొక్కావంటే మర్యాదగా ఉండదు."

ఆయన కొన్నవి సంచిలో వేసుకుని మెట్టు దిగి, వెనక్కి తిరిగాడు.

"పూసలు వద్దమ్మా. దారంతోనే పువ్వు కుట్టండి. బాగుంటుంది."

"చూశావా వదినా, బెదిరించి పోతున్నాడు," అన్నాడు మరిది.

ఆ తర్వాత ఆయన రాలేదు. పీడ విరగడైందని మరిది సంబరపడ్డాడు. నాలుగు రోజులు ఊరుకుని, టైలరమ్మ మళ్ళీ పూసల డబ్బా తీసింది. పిట్టనూ తీసింది.

కొత్త సరుకు సంచిలో వేసుకుని, బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడింది. కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది.

మాస్కు మీద పూసల్లేవు. వాటి చోట దారంతో కుట్టిన పువ్వుంది. వంకర టింకరగా, సూది పట్టడం రాని చేతి కుట్టు. లోపల పిట్ట మాత్రం అలాగే ఉంది.

"పూసలేవే?"

"తెల్ల మాస్కు అంకుల్ తీసేశారమ్మా. అందరివీ తీసేశారు."

టైలరమ్మ గేటు దగ్గరున్న టీచరుని పట్టుకుంది.

"ఎవరండీ ఆయన?"

"పొద్దున వచ్చారు. చుట్టుపక్కల బళ్ళన్నీ తిరిగారట, మాదే ఆఖరుదట. తనే పూసలు విప్పి దారంతో కుట్టుకొచ్చిన మాస్కులు సంచెడు పంచారు. మన పిల్లలవి కూడా అడిగి తీసుకుని, వరండాలో కూర్చుని ఒక్కో పూసా విప్పారు. ఇక ఈ ఊళ్ళో ఉండలేనని, ఇటునుంచి ఇటే బస్సెక్కుతానని వెళ్ళిపోయారు."

"ఎందుకండీ విప్పడం?"

టీచరు గొంతు తగ్గించింది. "వాళ్ళ పాప మాస్కుకి దారం తెగి పూసలన్నీ రాలాయట. ఒకటి మాస్కు లోపల పడింది. పాప గట్టిగా ఊపిరి పీల్చేసరికి గొంతులోకి పోయింది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయిందట. ఒక్కతే కూతురు."

టైలరమ్మ చేతిలోని సంచిని వీపు వెనక్కి దాచుకుంది. ఇన్నాళ్ళూ పడ్డ భయం ఈ భయం ముందు ఏపాటిది? అయినా అడిగింది.

"ఆ మాస్కు... ఎవరు కుట్టారో తెలిసిందా?"

"లేదండీ. పోలీసులు చూసేసరికే దాని లేబుల్ కత్తిరించేసి ఉందట. ఎవరెన్నిసార్లు అడిగినా, ఎక్కడ కొన్నానో గుర్తులేదనే చెప్పారట పాపం."