కొండదారిలో నట్టు

“ఇన్ని పిప్పరమెంట్లు ఎవరికండీ?” అంది భార్య, సంచిలోకి తొంగిచూస్తూ.

“కొండకి,” అన్నాడు లిఫ్టు మెకానిక్. “చిన్నపిల్లల్తో కొండెక్కడమంటే కాళ్ళతో పని కాదు, నోటితో పని. ప్రతి మలుపులోనూ రాతిమీద ఒకటి పెడతాను. కొండ ఇచ్చిందంటాను. ఇక చూడు, ఆగమన్నా ఆగరు.”

“ఏమో. పోయినసారీ ఇలాగే కబుర్లు చెప్పి బయల్దేరారు.”

అతను సంచి తాడు బిగించాడు. పోయినసారి సంగతి ఎత్తితే చాలు, అతనికి చెవులు వేడెక్కుతాయి. సగం దారిలో చదునురాయి దగ్గర చతికిలబడటం, ఇక ఒక్క అడుగు కూడా వేసేది లేదని మొండికేయడం, ఎంత బతిమాలినా లాభం లేక ముగ్గురూ వెనక్కి తిరగడం. ఇంటికొచ్చాక “చిన్నపిల్లల్తో కొండంటే అంతేలే” అని భార్య దగ్గర తేల్చేశాడు.

“ఈసారి కూడా సగం నుంచే వస్తే ఇక కొండల ఊసెత్తకండి. ఆదివారాలు పిల్లల్ని డ్రాయింగు క్లాసులో వేసేద్దాం. టీచరుగారికి సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి.”

అదే అతని దిగులు. వారమంతా ఊరి జనాన్ని పైకీ కిందకీ మోసే డబ్బాల్ని బాగుచేసి ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. వాళ్ళ కబుర్లు కడుపునిండా వినేది ఆదివారం పొద్దునే. అది కూడా రంగుపెన్సిళ్ళ పాలైతే ఆ ఇంట్లో తను అద్దెకున్నవాడితో సమానం.

ఏడేళ్ళ పెద్దది అప్పటికే బూట్లు వేసుకుని గుమ్మంలో ఉంది. ఐదేళ్ళ చిన్నది గౌను జేబులు రెండూ గట్టిగా పట్టుకుని నిలబడింది. అడుగేస్తే గలగలమంటోంది.

“ఏంటే అవి?”

“గోళీలు,” అంది పెద్దది, చిన్నది నోరు తెరిచేలోపే.

కొండ మొదట్లో అంతా అనుకున్నట్టే సాగింది. ఎండ ముదరకముందే ఎక్కాలి, తొందరపెట్టకూడదు, పురుగో పుట్టగొడుగో కనిపిస్తే ఆగి చూడనివ్వాలి అని అతను పకడ్బందీగా అనుకుని వచ్చాడు. చిక్కల్లా ఒక్కటే. పిప్పరమెంటు పెట్టాలంటే తను ముందుండాలి. పిల్లలేమో తుర్రుమని ముందుకెళ్ళి మలుపులో నిలబడుతున్నారు.

“నాన్నా! ఇక్కడేదో ఉంది చూడు!”

రాతిమీద ఒక నట్టు. తుప్పు లేదు, గ్రీజు వాసన కూడా పోలేదు. అతను దాన్ని వేళ్ళ మధ్య తిప్పిచూశాడు.

“లిఫ్టుల్లో వాడే సైజే! కొండమీద లిఫ్టేంటి?”

“పైన ఉందేమో నాన్నా,” అంది పెద్దది.

లిఫ్టు మెకానిక్‌కి ఒక జబ్బుంది. ఊడిన నట్టు కనిపిస్తే అది ఎక్కడిదో తేలేదాకా మనసు నిలవదు. ఓసారి మంచం కింద స్క్రూ దొరికిందని కుర్చీలూ ఫ్యానూ కుట్టుమిషనూ విప్పి పోశాడు. అన్నం చల్లారిపోయాక గానీ కంచం ముందు కూర్చోలేదు.

తర్వాతి మలుపులో బోల్టు దొరికింది. ఆ పై మలుపులో వాషరు. అతని బుర్ర గిర్రున తిరిగింది. ఏదో మిషను పైనుంచి ఒక్కో ముక్కా రాల్చుకుంటోందా? కొండ దిగుతున్న ఒక పెద్దాయన్ని ఆపాడు.

“ఏమండీ, పైన మిషనేమైనా ఉందా?”

“పైనా?” పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. “గాలుంది బాబూ.”

చదునురాయి వచ్చింది. పోయినసారి గండం ఇక్కడే. అతను పిల్లల మొహాలు చూశాడు. వాళ్ళిద్దరూ అతని మొహమే చూస్తున్నారు.

“కాసేపు కూర్చుందామా?” అన్నాడు, జేబులోంచి పిప్పరమెంటు తీస్తూ.

“నాన్నా, అదిగో స్ప్రింగు!” పై మలుపు నుంచి పెద్దది కేకేసింది. అంతలోనే అక్కడికెప్పుడు చేరిందో!

స్ప్రింగు ఊడిందంటే మాటలా? దాన్ని నమ్ముకుని ఎక్కినవాళ్ళ గతేంటి? పిప్పరమెంటు సంగతి మరిచిపోయి అతను గబగబా ఎక్కాడు. అది చేతికందేసరికి ఇంకో నట్టు, దాని పైన ఇంకో బోల్టు. తలెత్తి చూసేసరికి ఎక్కడానికి ఇక కొండ లేదు.

శిఖరం మీద బోడిరాయి, ఎండిన గడ్డి, గాలి. అతను చుట్టూ తిరిగి చూశాడు. పొదలు కదిపి చూశాడు. మిషను లేదు, తీగ లేదు, స్తంభం పాతిన గుంత కూడా లేదు. అరచేతిలోని నట్టు బోల్టుకి ఒకే పెట్టెలోంచి తీసినట్టు చక్కగా బిగిసింది. అతనికి మతిపోయింది.

ఇంతలో భార్య ఫోను.

“ఎక్కడిదాకా వెళ్ళారు?”

“పైకొచ్చేశాం!”

“పిల్లలు పేచీ పెట్టలేదూ?”

“ఎక్కడే! చలాకీగా ఎక్కేశారు. ఒక్క పిప్పరమెంటు కూడా ఖర్చవలేదు.”

“అయితే టీచరుగారికి వద్దని చెప్పేస్తాను.”

అతనికి ఆనందంతో కళ్ళు చెమ్మగిల్లాయి. ఆదివారాలు దక్కాయి. ఫోను జేబులో పెట్టుకుని, ఆ ఇనపముక్కల్ని రాతిమీద పరిచి, ఇవి ఎక్కడివబ్బా అని మళ్ళీ తల పట్టుకున్నాడు.

అతని వెనక, రాతి చాటున, చిన్నది జేబులో మిగిలిన నట్లు బయటికి తీయబోయింది. పెద్దది చటుక్కున దాని చెయ్యి పట్టుకుంది.

“దాచవే, దిగేటప్పుడు నాన్న మళ్ళీ చతికిలబడతాడేమో.”