చెప్పని పేరు

"ఒక్క పేరు చెప్పండి లోర్నా. ఈ ఏడాది ఇక్కడి పుస్తకం నిజంగా అవసరమైన ఒక్కరంటే ఒక్కరి పేరు. సోమవారం స్కూల్ బోర్డు ముందు పెడతాను."

ప్రిన్సిపాల్ గ్రెగ్ లిండ్‌స్ట్రమ్ మంచుబురద బూట్లతోనే లోపలికి వచ్చి, ట్యాబ్లెట్‌ని లైబ్రేరియన్ బల్ల మీద పెట్టాడు. మూడు వందల మంది చదివే బడి. తెర మీది లెక్క ప్రకారం, సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా పిల్లలు ఇళ్లకు తీసుకెళ్లిన పుస్తకాలు నలభై ఒకటి.

లోర్నా హాగెన్ ఆ అంకె వంక చూడలేదు. ఆమెకు తెలియందా! పంతొమ్మిదేళ్లుగా ఈ గదే ఆమె లోకం. ఒకప్పుడు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథలు చదివి వినిపించేది. ఇప్పుడు పొద్దస్తమానం మరిచిపోయిన పాస్‌వర్డులు మార్చడం, ల్యాప్‌టాప్‌లకి ఛార్జింగ్ పెట్టడం. ఈ మాత్రం పనికి లైబ్రేరియన్ దేనికని బోర్డువాళ్లు అడుగుతున్నారు. జూన్‌లో ఆమెను ఇంటికి పంపేసి, అరలన్నీ పీకేసి, గది నిండా కంప్యూటర్లు పెడతారట.

గ్రెగ్ చెడ్డవాడేం కాదు. ఆమె తరఫున బోర్డుతో ఇప్పటికే రెండుసార్లు పోట్లాడి వచ్చాడు. మూడోసారి వట్టి చేతులతో ఎలా వెళ్లమంటారని అడిగాడు.

"చదువుతున్నారు గ్రెగ్. ఇక్కడే కూర్చుని చదువుకుని, మళ్లీ అరలో పెట్టేసి పోతారు. స్కాన్ చేయనివ్వరు."

"ఎందుకని?"

ఇంటికి ఇచ్చే పుస్తకాన్ని స్కాన్ చేసిన మరుక్షణం దాని పేరు ఇంట్లోవాళ్ల ఫోన్‌కి వెళ్లిపోయే కొత్త పద్ధతి గ్రెగ్ సంతకంతోనే వచ్చింది. తల్లిదండ్రులు మురిసిపోతారని పెట్టారు. మంచికి పోతే చెడు ఎదురైంది. ఇంట్లో నోరు విప్పలేని సంగతి కోసం పుస్తకాలు వెతుక్కునే పిల్లలుంటారని ఒక్కరికీ తట్టలేదు. లోర్నా ఆ మాటే చెప్పింది.

అయితే వాళ్లలో ఒక్కరి పేరు చెప్పమన్నాడు గ్రెగ్. బోర్డుకి పేరు చెప్పననీ, తను తెలుసుకుంటే చాలనీ అన్నాడు.

పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఉద్యోగం నిలుస్తుంది. యాభై ఆరేళ్ల మనిషిని పిలిచి పనిచ్చే బడి ఇంకోటి దొరకదు. కానీ ఎవరేం చదివారో బయటపెట్టకపోవడం ఆమెకు ఒట్టులాంటిది.

"చెప్పలేను."

"నేను ప్రిన్సిపాల్‌ని లోర్నా."

"మీకు అసలే చెప్పలేను."

అతని ముఖం చిన్నబోయింది. నన్ను కూడా నమ్మరన్నమాట, మీ గొయ్యి మీరే తవ్వుకుంటున్నారని మెల్లగా అని, ట్యాబ్లెట్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

లోర్నాకి ఏడుపు ఆగలేదు. పంతొమ్మిదేళ్లు ఒక్క మాటతో పోయాయి. భోజనాల గదిలోంచి పిల్లల గోల వినిపిస్తోంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, లేచి, చివరి వరుస అరల వెనక్కి వెళ్లింది.

అక్కడ నేల మీద ముడుచుకుని కూర్చున్న ఐదో తరగతి పిల్ల, అమ్మ చనిపోయిన పిల్లల కోసం రాసిన పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని, గుసగుసగా అంది:

"ఇది చదువుతున్నానని తెలిస్తే మళ్లీ ఏడుస్తాడు మిసెస్ హాగెన్. వెళ్లిపోయాడా నాన్న?"