హస్తవాసి

బిడ్డ తల బయటికి వచ్చింది. వచ్చినట్టే వచ్చి, తాబేలు తలలా మళ్ళీ వెనక్కి నక్కింది.

నర్సు సౌమ్యకు అర్థమైపోయింది. బిడ్డ భుజం లోపల తల్లి ఎముకకు తట్టుకుని ఆగిపోయింది. కొన్ని నిమిషాల్లో రాకపోతే బిడ్డ దక్కదు. కాన్పు బల్ల మీద రోజా అలిసిపోయింది. డాక్టరమ్మ ఇంకా దారిలోనే ఉంది.

"యాల సూస్తాండావు, లాగమ్మా!" అరిచింది రోజా అత్త నంజమ్మ. "మా వియ్యంకుడైతే దూడను ఒక్క లాగుతో పడేస్తాడు!"

అబద్ధం కాదు. ఆవు ఈనలేక అవస్థ పడుతోందంటే పుంగనూరు చుట్టుపక్కల పల్లెలన్నీ రోజా తండ్రి దేవప్పనే పిలుస్తాయి. హస్తవాసి అలాంటిదని పేరు.

"లాగకూడదు," అంది సౌమ్య. "కాళ్ళు పొట్ట మీదికి మడిచి పట్టుకోవాలి. ఇంకో మనిషి కావాలి. రోజా భర్త ఏడీ?"

"టమోటా లోడుతో మదనపల్లెలో ఉండాడు."

మిగిలింది దేవప్పే. అంత పేరున్న మనిషి కాన్పు గది గడప దాటలేదు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"యాలన్నా బయపడతావు? సిగ్గుల్యా?" కసిరింది నంజమ్మ.

"నేను తాకనమ్మా. నా చేతులొద్దు."

సౌమ్యకు ఒళ్ళు మండింది. "కాలు పట్టుకుంటే చాలు! రాకపోతే బిడ్డ పోతుంది!"

వచ్చాడు. కళ్ళు మూసుకుని కూతురి మోకాలు పట్టుకున్నాడు. "లాగనమ్మా, లాగను" అని గొణుగుతూనే ఉన్నాడు. ఎవరితో అంటున్నాడో సౌమ్యకు అర్థం కాలేదు.

రెండో కాలు నంజమ్మ పట్టుకుంది. ఆసుపత్రి ఆయా పొత్తికడుపు కింద, ఎముకకు కాస్త పైన, అరచేత్తో పక్కకు నొక్కింది. సౌమ్య బిడ్డ తల కింద చెయ్యి ఆనించి ఉంచింది, అంతే. దేవప్ప చెవులు మాత్రం ఏదో విరిగే చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాయి.

ఏదీ విరగలేదు. భుజం జారింది. బిడ్డ వచ్చేసింది. సౌమ్య బిడ్డ వీపు తుడిచింది. తర్వాత కెవ్వుమని ఏడుపు.

"మగబిడ్డన్నా!" అంది నంజమ్మ.

దేవప్ప కళ్ళు తెరవలేదు. "సేతులు ఎత్తినాడా?"

"ఏంటి?" అంది సౌమ్య.

"బిడ్డే, తల్లీ. రెండు సేతులూ ఎత్తినాడా?"

ఆడా మగా అని అడిగే తాతలనే చూసింది సౌమ్య. ఇదేం ప్రశ్నో!

"రెండూ ఎత్తాడు. చూడు తాతా."

దేవప్ప ఉన్నచోటే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

రోజా బిడ్డను కుడిచేత్తోనే పొదువుకుంది. ఆమె ఎడమ చెయ్యి, తను పుట్టిననాడు ఇంట్లో దేవప్ప ఆమె తల పట్టి లాగినప్పటి నుంచీ లేవదు.