ఒక్క ఓటైనా

"ఓటుకి కాదమ్మా, బాత్రూం కోసం వచ్చాను. ఎటువైపు?"

బెరిల్ హోల్‌గేట్ చేతిలోకి తీసుకున్న బ్యాలెట్ కాగితాన్ని మళ్ళీ కట్టలో పెట్టేసింది. పొద్దుటినుంచి, పోలింగు కేంద్రంగా మార్చిన ఆ చర్చి హాలు తలుపు తోసుకుని వచ్చిన మొదటి మనిషి ఇతనే. రొట్టెల వ్యాను తోలుతాడు. ఇల్లు పక్కవీధిలోనే.

"అదిగో ఆ మూల. వెళ్తూ వెళ్తూ ఒక ఓటు వేసిపోరాదూ?"

"దేనికి?"

"పోలీసు కమిషనర్‌కి. మన జిల్లా పోలీసులు ఏం చేస్తున్నారు, ఏం చెయ్యడం లేదు అని నిలదీసే మనిషిని ఇకనుంచి మనమే ఎన్నుకుంటాం."

"అలాంటి మనిషి కావాలని మనం అడిగామా?" అంటూ అతను బాత్రూంలోకి దూరాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఓట్ల పెట్టెవైపు కన్నెత్తి కూడా చూడలేదు.

పక్క కుర్చీలో డెస్మండ్ పదకేళి నింపుకుంటున్నాడు. రిటైరైన బస్సు డ్రైవరు. పేర్లు సరిచూసి టిక్కు పెట్టడం అతని పని. టిక్కు పెట్టాల్సిన అవసరం ఇంకా రాలేదు.

"నాకు ఖాళీ బస్సు నడపడం అలవాటే. మీరే ఊరికే మనసు కష్టపెట్టుకుంటున్నారు" అన్నాడు.

"నీకేం? మీ ఇంట్లో దొంగలు పడలేదు. నేను మేడమీద నిద్రపోతుంటే కింద ఇల్లంతా ఊడ్చుకుపోయారు. ఫోన్ చేస్తే కేసు నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఇప్పటికీ నా నోటికొచ్చు. పోలీసు ముఖం మాత్రం ఇంతవరకూ చూడలేదు."

తలుపు చప్పుడైంది. బెరిల్ సర్దుకుని కూర్చుంది. వచ్చింది నలుగురు ఆడవాళ్ళు, చంకల్లో చుట్టిన చాపలు.

"మా వ్యాయామం క్లాసు ఎత్తేసి ఈ ఖాళీ పెట్టెకి కాపలా కూర్చున్నారా?" అంది ముందున్నావిడ.

"మీరు నలుగురూ వేస్తే ఖాళీగా ఉండదు కదా."

"ఎవరికెయ్యాలి? ఒక్కడి ముఖమైనా చూశామా? ఒక్క కరపత్రమైనా వచ్చిందా?"

"పేర్లు రాసి ఉన్నాయి. చదివి చూడండి."

"పేరు చదివి మొగుణ్ణే చేసుకోలేదు, పోలీసులకి పెద్దను ఎంచమంటావా?" అందావిడ. మిగతావాళ్ళు పకపకా నవ్వి, చాపలతో సహా బయటికి నడిచారు.

బెరిల్ లేచి కోటు తొడుక్కుంది. ఎర్ర స్కార్ఫు మెడకు చుట్టుకుంది.

"ఎక్కడికి? ఎన్నికల అధికారి రోడ్డుమీద పడి జనాన్ని పిలవకూడదు" అన్నాడు డెస్మండ్.

"ఎవరికెయ్యమని చెప్పను. వెయ్యమని మాత్రమే చెప్తాను."

బయట సన్నగా తుంపర పడుతోంది. ఎదురుగా చేపల వేపుడు దుకాణంలో కోలిన్ పగిలిన కిటికీకి అట్ట అతికిస్తున్నాడు. అద్దం పగలడం ఈ ఏడాది మూడోసారి.

"చూశావా కోలిన్, ఇందుకే రమ్మంటున్నాను. ఓటేస్తే పోలీసుల్ని అడిగేవాడు ఒకడుంటాడు."

"అడగడానికి నేనున్నాగా తల్లీ. వారంవారం అడుగుతూనే ఉన్నాను. నాకు కావాల్సింది వినేవాడు. దానికేమైనా ఎన్నికుంటే చెప్పు, అందరికంటే ముందొచ్చి నిలబడతా."

బెరిల్ హాలు గేటు దగ్గరికి తిరిగొచ్చేసరికి కుక్కని నడిపించుకుంటూ రిటైర్డ్ టీచరమ్మ మిస్ పొక్లింగ్టన్ కనబడింది.

"మీరైనా రండి టీచరుగారూ."

"పోలీసుల నెత్తిన పార్టీవాళ్ళని కూర్చోబెట్టడానికా? వెయ్యకపోవడమే నా ఓటు. రాసుకో."

"అది రాసుకోవడానికి చోటు లేదండీ!" అని అరిచింది బెరిల్. టీచరమ్మ ఆగలేదు. కుక్క మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

అక్కడితో ఆమె ఓపిక తెగిపోయింది. సంచితో వెళ్తున్న ఒకాయన మోచెయ్యి పట్టుకుంది. "రెండు నిమిషాలు బాబూ, నీకు పుణ్యముంటుంది." ఆయన విదిలించుకున్నాడు. సంచి జారి బంగాళాదుంపలు రోడ్డంతా దొర్లాయి. తర్వాత బెరిల్ ఒక తల్లి తోసుకెళ్తున్న చంటిపిల్ల బండికి అడ్డం నిలబడింది. సైకిలు హ్యాండిల్ పట్టుకుని ఆపింది. "మీ కోసమేనయ్యా! నాకేం ఒరుగుతుంది?" అని కేకలేసింది. కాసేపటికి జనం దూరంనుంచే ఆమెను చూసి ఎదుటి వైపుకు దాటడం మొదలుపెట్టారు.

వెలుతురు తగ్గాక లోపలికొచ్చింది. జుట్టునుంచి నీళ్ళు కారుతున్నాయి. డెస్మండ్ ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు.

"వచ్చారా ఎవరైనా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"ఈ ఊరికి చీమూ నెత్తురూ లేవు డెస్మండ్. ఇళ్ళు దోచుకుపోయినా, అద్దాలు పగలగొట్టినా ఒక్కడు కాలు కదపడు, ఒక్కడు నోరు విప్పడు. ఇలాంటి జనానికి ఏ కమిషనర్ వచ్చి మాత్రం ఏం చేస్తాడు?"

అప్పుడే తలుపు తెరుచుకుంది. ఇద్దరు పోలీసులు, ఒక మగ, ఒక ఆడ. టోపీలమీద వాన చినుకులు మెరుస్తున్నాయి.

బెరిల్ ముఖం విప్పారింది. టీ పక్కన పెట్టి లేచి నిలబడింది. "రండి, రండి! చూశావా డెస్మండ్, చివరికి పోలీసులకే బాధ్యత తెలిసింది. పేర్లు చెప్పండి నాయనా, కాగితాలిస్తాను."

మగ పోలీసు ఇబ్బందిగా టోపీ తీశాడు. "మేం వచ్చిన పని వేరండీ. ఈ గేటు దగ్గర ఎవరో పెద్దావిడ దారినపోయే వాళ్ళ చేతులు పట్టుకుని లోపలికి లాగుతోందని ఫిర్యాదు వచ్చింది." అతని చూపు ఆమె తడిసిన స్కార్ఫుమీద ఆగింది. "మీరేనా?"

బెరిల్ ముఖం ఎర్రబడింది.

"ఎవరు? ఎవరు చేశారు ఆ ఫోన్? నాకు పేరు కావాలి!"

ఆడ పోలీసు నిట్టూర్చింది.

"ఎవరి పేరని చెప్పమంటారు తల్లీ? సగం ఊరు చేసింది."